ప్రకటనలు లేని టేపులు

కిందటి నెలలో రాజ్యం ఆంటీ పామర్‌స్టన్ నార్త్ నుంచి వచ్చి, క్రైస్ట్‌చర్చ్‌లో రిక్కార్టన్ దగ్గర ఉన్న మా ఇంట్లో కొన్నాళ్ళు ఉండి వెళ్ళారు. ఆవిడ నాకు బంధువు కారు. నంద్యాల నుంచి విత్తన శాస్త్రం చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన తొలి ఏళ్ళలో ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాను. కాగితం మీద మా సంబంధం అంతవరకే. వృత్తిరీత్యా నేను విత్తనాలను పరీక్షించే మనిషిని. బస్తా మీద రాసి ఉన్నది నిజమో కాదో తేల్చడమే ఇన్నేళ్ళుగా నా పని. అందుచేత ఎవరు ఏది చెప్పినా, అది వారికి ఎలా తెలిసిందని అడగడం నాకు అలవాటు. ఆ అలవాటు ప్రయోగశాలలో ఆగకుండా ఇంట్లోకీ, అక్కడి నుంచి టీవీ ముందుకీ వచ్చిందని మా అమ్మాయి మేఘన ఫిర్యాదు. ఆంటీ వచ్చిన మర్నాటి సాయంత్రం, భోజనాలయ్యాక, ఆ ఫిర్యాదు ఆవిడ ముందుకు విచారణకు వచ్చింది.

"మమ్మీ, ఇది కొత్త సీజన్. ఆల్మోస్ట్ ఫైవ్ స్టార్స్ ఉన్నాయి. పెట్టనా?" అంది మేఘన, రిమోట్ పట్టుకుని.

"ఆ నక్షత్రాలు ఎవరిచ్చారు?"

"పీపుల్."

"ఏ పీపుల్? మధ్యలో విసుగొచ్చి వదిలేసినవాళ్ళు కూడా ఇచ్చారా, చివరిదాకా చూసినవాళ్ళే ఇచ్చారా? నచ్చకపోతే ఎవరైనా రెండో సీజన్ దాకా వస్తారా?"

మేఘన ఆంటీ వైపు తిరిగింది. "అమ్మమ్మా, సీ? ఎవ్రీ డే ఇదే. డిసైడ్ చేసేలోపు నాకు నిద్రొచ్చేస్తుంది."

ఆంటీ పడీ పడీ నవ్వారు. "నీకేం తెలుసే పిల్లా! మీ అమ్మ దగ్గర సీరియలు పాసవడమంటే డాక్టరీ సీటు తెచ్చుకోవడమే. ఆ టేపుల రోజుల్లో చూడాల్సింది మీ అమ్మని. చెప్పలేదూ నీకు?"

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆలోచిస్తే, ఆ కథలో ముఖ్యమైన భాగం నాది కాదు, ఆంటీది. ఆ సాయంత్రం ఆవిడే మొదలుపెట్టారు కాబట్టి ఇప్పుడు నేనూ రాయవచ్చు. రాసేముందు ఆవిడకు చదివి వినిపించాను. వీధి పేరు ఒక్కటి తీసేయమన్నారు, తీసేశాను.

పామర్‌స్టన్ నార్త్ బల్లపరుపుగా ఉండే ఊరు. సైకిలు తొక్కేవాడికి ఎత్తుపల్లాల బాధ లేదు గానీ గాలి బాధ ఉంది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడూ ఎదురుగాలి అని మా విద్యార్థులందరి నమ్మకం. ఇది నిజం కావడానికి వీల్లేదని నాకు తెలుసు. అయినా అలాగే అనిపించేది. ఆంటీ వాళ్ళది పాత చెక్క ఇల్లు. చలికాలంలో బయట ఎంత చలో లోపలా అంతే చలి. ముందు గదిలో ఒక గ్యాస్ హీటరు ఉండేది. దాని ముందు ఆరేసిన తడి బట్టలు, వాటి వెనక సోఫా, సోఫాకి ఎదురుగా సెకండ్ హ్యాండ్ షాపులో కొన్న టీవీ, దాని కింద టేపులు ఆడించే వీసీఆర్. వెచ్చదనం ఆ ఒక్క గదిలోనే ఉండేది కనుక ఇంటి బతుకంతా అక్కడే జరిగేది. కూరలు తరగడం, నా పరీక్షల చదువు, ఆంటీ భర్త మూర్తి అంకుల్ చొక్కాలు ఇస్త్రీ చేసుకోవడం, అన్నీ టీవీ ముందే. ఆ గదిలో మూడు వాసనలు ఉండేవి: ఆరీ ఆరని ఉన్ని బట్టలు, ఇంగువ తాలింపు, తొట్టెలో మగ్గుతున్న ఫీజోవాలనే పుల్లటి జామలాంటి పళ్ళు. పెరట్లో ఉన్న ఆ చెట్టు పళ్ళతో ఆంటీ పప్పు చేసేవారు, పచ్చడి నూరేవారు, మిగిలినవి సంచుల్లో పోసి అంకుల్ చేత ఆస్పత్రికి పంపేవారు. అంకుల్ అక్కడి మందుల విభాగంలో పనిచేసేవారు. జ్ఞాపకం సాక్షిగా అంత నమ్మదగినది కాదు; అయితే ఈ వాసనల సంగతి ఆంటీని విడిగా అడిగితే ఆవిడా ఆ మూడే చెప్పారు కాబట్టి రాస్తున్నాను.

అప్పట్లో ఇక్కడ తెలుగు సీరియలు చూడాలంటే ఉన్న దారి ఒకటే: ఇండియాలో ఎవరైనా టేపుల మీద రికార్డు చేసి పంపాలి. అమెరికా నుంచి ఒకాయన ఎంతో ప్రేమగా మోసుకొచ్చిన టేపు మా వీసీఆర్‌లో నలుపు తెలుపు చారలై దొర్లింది. ఆ దేశపు టీవీల పద్ధతి వేరు. కాకినాడ టేపులు మాత్రం చక్కగా ఆడేవి. వాటిని పంపేది ఆంటీ అక్కగారు సుందరమ్మ గారు. ఎవరైనా ఇండియా వెళ్ళి వస్తుంటే వాళ్ళ పెట్టెలో ఒక మూలకు పట్టినన్ని వచ్చేవి. ఒక టేపులో పట్టేది కొన్ని గంటలు. పెట్టెలో పట్టేవి కొన్ని టేపులు. మళ్ళీ ఎవరు ఎప్పుడు ఊరెళతారో తెలియదు. కనుక ఏ సీరియలు రికార్డు చేయించుకోవాలన్న నిర్ణయం మా ఇంట్లో చిన్న విషయం కాదు. తప్పుడు సీరియలు ఎంచుకుంటే ఆ చలికాలమంతా దాన్నే భరించాలి. కొత్తవి ఏవి మొదలయ్యాయి, ఆగిపోయిన వాటిలో ఏవి మళ్ళీ వస్తున్నాయి, వాటిలో దేనికి టేపు కేటాయించాలి అన్నది ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిని, ముగ్గురం కూర్చుని తేల్చేవాళ్ళం. సీరియళ్ళకు వాటి అసలు పేర్లు మేమెప్పుడూ వాడలేదు. కోర్టుది, ఇద్దరు కోడళ్ళది, తప్పిపోయిన పాపది, అంతే.

ముగ్గురికీ మూడు కొలతలు. అంకుల్‌ది తేలిక: విలన్‌కు ఏదో ఒక ఉద్యోగం ఉండాలి. "పొద్దస్తమానం కుట్రలు చేస్తూ కూర్చుంటే వాడికి జీతం ఎవడిస్తాడమ్మా?" అనేవారు. ఆంటీ చూసేది వంటింటి దృశ్యం. గిన్నెలో ఏమీ లేకుండా గరిటె తిప్పే నటి కనిపిస్తే ఆ సీరియలు ఆవిడ దృష్టిలో అక్కడితో చచ్చిపోయినట్టే. "ఖాళీ గిన్నె కలిపేది రేపు ఏడుపు కూడా అలాగే ఏడుస్తుంది" అని తీర్పు. నాది బస్తా కొలత. విత్తనాల బస్తాను పైనుంచి గుప్పెడు తీసి చూస్తే ఏమీ తెలియదు, అమ్మేవాడు మంచి గింజలు పైనే పోస్తాడు. అడుగుదాకా గొట్టం గుచ్చి పైదీ మధ్యదీ కిందదీ కలిపి తీయాలి. సీరియలుకైనా అంతే, మొదటి భాగం చూసి మోసపోకూడదు, కొన్ని వారాలయ్యాక ఒక మామూలు బుధవారం నాటి భాగం తెప్పించుకుని చూడాలని వాదించేదాన్ని. "నీ బుధవారం నాటికి ఇక్కడ ఇంకో ప్రధానమంత్రి వస్తాడు" అని అంకుల్ ఎగతాళి చేసేవారు గానీ, చివరకు ఆ పద్ధతి ఒప్పుకున్నారు. కాకినాడ నుంచి వచ్చే ప్రతి మూటలో ఒక నమూనా టేపు కూడా ఉండేది.

మా నిర్ణయాన్ని కాకినాడకు చేరవేసే విధానం నాకు మొదట్లో అర్థం కాలేదు. ఫోను కార్డు కొని, దాని మీది అంకెలు గీకి పిలిచేది అంకుల్. అటు ఎత్తేది ఆయన తోడల్లుడు, సుందరమ్మ గారి భర్త ప్రసాదరావు గారు. అక్కచెల్లెళ్ళు ఇద్దరూ చెరొక ఫోను పక్కనే కూర్చుని ఉండేవారు. మాట్లాడేది మాత్రం మగవాళ్ళు. అంకుల్ స్పీకరు మీట నొక్కేవారు.

"కోర్టుది రెండో భాగం మొదలైందేమో కనుక్కోండి" అనేవారు ఆంటీ, సోఫాలోంచి.

"అన్నగారూ, కోర్టుది మళ్ళీ మొదలైందా?"

అటు వెనక నుంచి ఒక ఆడగొంతు: "మొదలైంది గానీ ప్లీడరు మారిపోయాడని చెప్పండి. పాతాయన్ని లారీ గుద్దేసింది."

"ప్లీడరు మారాడటోయ్. పాతాయన్ని లారీ గుద్దేసిందట" అన్నారు ప్రసాదరావు గారు.

"అయ్యయ్యో! ఎక్కడండీ? బతికాడా?" అన్నారు అంకుల్ కంగారుగా.

"కథలోనండీ!" అని ఇద్దరు అక్కచెల్లెళ్ళూ రెండు దేశాల నుంచి ఒకేసారి అరిచారు. అలా అరిచి, ఇద్దరూ ఒకేసారి నోరు మూసుకున్నారు.

ఆంటీయే గొంతు సవరించుకుని, భర్తతో అన్నారు: "టేపుల మధ్య వేపాకు పెట్టొద్దని చెప్పండి. ఎయిర్‌పోర్టులో ఆకు కనిపిస్తే పెట్టె మొత్తం విప్పించారు."

"పురుగు పట్టకుండా పెట్టాం గానీ సరదాకి పెట్టలేదని చెప్పండి" అంది అటు గొంతు.

తరవాత నేను అడిగితే అంకుల్ చెప్పారు. సుందరమ్మ గారి ఏకైక కూతురి పెళ్ళికి ఆంటీ వెళ్ళలేకపోయారు. ఇక్కడ శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టిన రోజులవి. పాస్‌పోర్టులు ఆ ఆఫీసులో ఉండిపోయాయి. పాస్‌పోర్టు లేకుండా విమానం ఎక్కడానికి వీల్లేదని చెబితే, "రావాలని ఉంటే వచ్చేది. కాగితం ఎక్కడో ఉంటే మనిషి కదల్లేదా?" అని సుందరమ్మ గారు అందరి ముందూ అన్నారట. ఆ మాట ఎవరో మోసుకొచ్చి ఆంటీకి చెప్పారు. కావాలంటే ఆ ఆఫీసు ఇచ్చిన రసీదు పంపించవచ్చు కదా అని అంకుల్ సలహా ఇస్తే, "నా మాటకి నా అక్కకి రుజువు చూపించాలా?" అని ఆంటీ భగ్గుమన్నారు. అప్పటి నుంచీ ఒకరితో ఒకరికి మాటలు లేవు. అయినా ఆంటీ టేపులు అడగడం మానలేదు, ఆవిడ పంపడం మానలేదు. ఇదేం కోపమని నేను అడిగితే అంకుల్ భుజాలు ఎగరేశారు. "కోపం కోపమే, సీరియలు సీరియలే."

మాటలు లేనిచోట ఆంటీ టేపుల్లోంచి అర్థాలు తీసేవారు. ఒకసారి మేము అడగని సీరియలు ఒకటి వచ్చింది. అందులో ఒక చెల్లెలు అక్కను మోసం చేసి పట్నం పారిపోతుంది. "చూశావా శైలజా? ఇది నన్ను అనడమే" అన్నారు. అది నిర్ధారించడానికి ఆధారం లేదని చెప్పాను. చెల్లెలు లేని సీరియలు ఎక్కడుంది? ఎన్ని సీరియళ్ళలో చెల్లెళ్ళు మోసం చేస్తున్నారో లెక్క తీస్తే గానీ ఆవిడ కావాలని ఎంచుకున్నారో లేదో తేలదన్నాను. "మీ సీమ వాళ్ళకి కడుపులో ప్రశ్నలు తప్ప పేగులు ఉండవా?" అన్నారు ఆంటీ. నాకు కోపం రాలేదు. ఆధారం ఉంటే ఎక్కడ ఉంటుందా అని టేపుల్ని ఇంకొంచెం శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను.

అప్పుడు కనిపించింది. మా టేపుల్లో ప్రకటనలు లేవు. ఇది అందరికీ తెలిసిన సంగతే; టేపు ఆదా కావడానికేననుకుని ఎవరూ పట్టించుకోలేదు. నేను చూసింది ప్రకటనలు లేకపోవడాన్ని కాదు, అవి తెగిన చోటును. ప్రతి విరామంలోనూ మొదటి ప్రకటన ముక్క కొంచెం మిగిలేది. ఒకసారి సబ్బు పేరు పూర్తిగా వినిపించేది, మరోసారి సబ్బు కనిపించేలోపే కథ వచ్చేసేది. యంత్రం కోస్తే ప్రతిసారీ ఒకేలా కోస్తుంది. ఇది ఒకేలా లేదు కనుక కోసింది మనిషి చెయ్యి. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: కథ మళ్ళీ మొదలైనప్పుడు మొదటి మాట ఒక్కసారి కూడా పోలేదు. అంటే ఆ చేతి మనిషి విరామంలో లేచి వెళ్ళడం లేదు. ప్రకటనలన్నీ ఓపిగ్గా చూస్తూ, మీట మీద వేలు ఉంచుకుని, కథ వచ్చే క్షణం కోసం కాచుకుని ఉంటోంది. ప్రతి భాగానికీ, ప్రతి విరామానికీ.

భోజనాల దగ్గర ఇది ఒక సాంకేతిక విశేషంగా చెప్పాను. "రికార్డు చేసేది ప్రసాదరావు గారేనా?"

"ఆయనా?" అంకుల్ నవ్వారు. "సీరియలు పాట మొదలవగానే ఆయన గుర్రు మొదలవుతుంది."

"అయితే సుందరమ్మ గారు."

ఆంటీ ముద్ద కలపడం ఆపారు. "అక్కకి టీవీ అంటే గిట్టదే. పెళ్ళి కాకముందు కూడా మేమంతా సినిమాకి వెళ్తే తను ఇంట్లో జాజిమొగ్గలు కట్టుకుంటూ కూర్చునేది. ఈ ఏడుపులు చూసే ఓపిక తనకెక్కడిది?"

"చూస్తున్నారు ఆంటీ. ఇష్టంగా చూస్తున్నారో లేదో నేను చెప్పలేను. మొత్తం చూస్తున్నారు, అది మాత్రం చెప్పగలను."

ఆవిడ మళ్ళీ ముద్ద కలుపుకున్నారు. ఆ ఆదివారం ఇద్దరు కోడళ్ళది వద్దని ముగ్గురం తేల్చాక, కాకినాడకు ఫోను చేస్తుంటే మాత్రం అంకుల్ చెవిలో అన్నారు: "భాగాలు తగ్గించమనండి. రోజూ అన్నేసి ఎందుకు, ఒకటి చాలు." ఫోను మాత్రం తాను అందుకోలేదు. అక్కే పిలవాలి, మొహం చాటేసింది అక్క కదా అన్న పట్టుదల సడలలేదు.

తరవాతి మూట రావడానికి చాలాకాలం పట్టింది. ఊరెళ్ళి వచ్చిన ఒక విద్యార్థి దాన్ని తెచ్చి ఇచ్చిన సాయంత్రం, బయట వాన, ముందు గదిలో హీటరు, ముగ్గురం సోఫాలో. కోర్టుది రెండో భాగం పెట్టాం. మొదట వార్తల చివరి ముక్క వచ్చింది. తరవాత కథ, విరామం, ఆ పైన ప్రకటనలు. ఒకటి కాదు, వరుసగా అన్నీ. పట్టుచీరల దుకాణం, పళ్ళపొడి, కొత్త రకం స్కూటరు. అంకుల్ పరమానందపడ్డారు. "ఆహా! ఎన్నాళ్ళకి చూశాం! రాజ్యం, ఆ దుకాణం చూడు, మనం ఉన్నప్పుడు చిన్న కొట్టు, మూడంతస్తులు వేశాడు!" ఆంటీ కూడా ముందుకు వంగి చీరల ధరలు చదువుతూ, "ఇంత పెట్టి ఎవరు కొంటారండీ?" అని ఆశ్చర్యపోతున్నారు. మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పించుకుని ఆ స్కూటరు పాట విన్నారు. ఇద్దరి ముఖాల్లోనూ నేనెన్నడూ చూడని వెలుగు. నేను ఒక్కదాన్నే ఆ ఆనందంలో చేరలేకపోయాను. టేపును ముందుకు పరిగెత్తించి చూశాను. ప్రతి భాగం ఒకే నిడివి. మొదట్లో వార్తల ముక్క, చివర్లో తరవాతి కార్యక్రమం పాట. సమయం పెట్టి వదిలేసిన యంత్రం ఇలాగే రికార్డు చేస్తుంది.

"ఆంటీ, ఆ చెయ్యి లేదు" అన్నాను.

"ఏ చెయ్యి?"

చూపించాను. పాత టేపు ఒకటి పెట్టి, కొత్తది పెట్టి, తేడా చూపించాను. ఆంటీ నా వైపు తిరిగారు. "అంటే? అక్కకేమైనా అయిందంటావా?"

"అలా అనడం లేదు. కొత్త వీసీఆర్ కొని ఉండవచ్చు. విసుగొచ్చి మానేసి ఉండవచ్చు. ఎక్కడికైనా ఊరెళ్ళి ఉండవచ్చు. ఒంట్లో బాగాలేకపోయి ఉండవచ్చు. ఏదన్నది టేపు చెప్పదు. ఏదో మారిందన్నది మాత్రం నిజం."

"విసుగొచ్చి ఉంటుంది" అన్నారు అంకుల్, ఓదార్పుగా. "ఎంతకాలమని కాపలా కాస్తారు వదినగారు?"

"విసుగొస్తే పంపడమే మానేసేది. తనని నాకు తెలుసు" అన్నారు ఆంటీ. ఆ పైన నా వైపు చూసి, కొంచెం కోపంగానే అడిగారు: "నన్నిప్పుడు ఫోను చెయ్యమంటావా?"

"చెయ్యమని నేను అనలేదు ఆంటీ. తెలుసుకోవాలంటే అడగడం తప్ప వేరే దారి లేదంటున్నాను."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళారు. గిన్నెలు సర్దిన చప్పుడు వినిపించింది, అప్పటికే సర్ది ఉన్న గిన్నెలు. తిరిగి వచ్చి, అంకుల్ చేతిలోంచి కార్డు తీసుకుని, అంకెలు తానే నొక్కారు. స్పీకరు మీట మీద అలవాటుగా అంకుల్ చెయ్యి పడింది, ఆవిడ వద్దనలేదు.

"హలో" అన్నారు ప్రసాదరావు గారు.

"బావగారూ, నేను రాజ్యాన్ని. అక్కకేమైంది?"

"ఏం కాలేదమ్మా. ఎవరు చెప్పారు నీకు?"

"అక్కకివ్వండి."

రాపిడి చప్పుడు. ఊపిరి. తరవాత ఆ వెనక గొంతు, ఈసారి ముందు నుంచి.

"ఏంటే?"

"ఏమైంది నీకు?"

"నాకేమవుద్ది? నిక్షేపంలా ఉన్నాను."

"మరి ప్రకటనలెందుకొచ్చాయి?"

"వచ్చేశాయా? కూర్చుని ఆపండి మహానుభావా అని మరీ మరీ చెప్పాను. నిద్రపోయుంటారు."

"నువ్వెందుకు ఆపలేదక్కా?"

"చెయ్యి విరిగిందే. బాత్రూంలో జారి పడ్డాను. కట్టు కట్టారు. ఇంకా మీట నొక్కడానికి వేళ్ళు వంగట్లేదు. నీకు చెప్పొద్దని నేనే అన్నాను. పాస్‌పోర్టులూ అవీ చూసుకుని నువ్వు ఇప్పటికిప్పుడు రాలేవు గదా. చెప్పి నిన్ను ఏడిపించడం దేనికి?"

ఆంటీ ఏడ్చారు. నేను చెప్పిన కారణాల్లో చెయ్యి విరగడం లేదు. అంటే నా ఊహ పాక్షికంగానే సరైనది. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిస్తే అంకుల్ నా మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళారు. తలుపు వేసినా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. కాసేపటికి ఏడుపు ఆగి పోట్లాట మొదలైంది. "ప్రకటనలు ఉండనీ అక్కా, మేం చూస్తాం, బాగున్నాయి." "ఛీ, టేపు దండగ. పళ్ళపొడి చూడ్డానికి పంపుతున్నానా నీకు?" అంకుల్ స్టవ్ ముందు నిలబడి టీ కాస్తూ, ఎంతో భారం దిగిన మనిషిలా అన్నారు: "ఇక మా అన్నగారూ నేనూ ఏం మాట్లాడుకోవాలో మరి. మాకు లారీలూ ప్లీడర్లూ తప్ప వేరే సంగతులు లేవు."

ఆ తరవాతి మూటలో ప్రకటనలు మళ్ళీ తెగిపోయాయి. మునుపటికన్నా కొంచెం ఆలస్యంగా తెగాయి; పట్టుచీరల దుకాణం పేరు మొత్తం వినిపించేది. నేను వేరే ఊరికి మారేనాటికి ఆ ఆలస్యం తగ్గుతూ వచ్చింది. ఆంటీ ఆ మాట నా చేత అడిగి మరీ చెప్పించుకునేవారు. "ఇవాళ ఎలా ఉంది చెయ్యి?" అనేవారు, టేపు ఆడుతుండగా. ఫోను చేసి అడగవచ్చు, అడుగుతూనే ఉన్నారు కూడా. అయినా నన్ను చూడమనేవారు.

టేపుల వల్లే వాళ్ళిద్దరూ కలిశారని నేను రుజువు చేయలేను. ఏ పురుడో, ఏ గృహప్రవేశమో ఎలాగూ కలిపి ఉండేదేమో. జరగని దానితో జరిగినదాన్ని పోల్చే సాధనం నా దగ్గర లేదు. ఆ రోజులు మంచివని కూడా అనను. ఆ ఇల్లు గోడలు బూజు పట్టేంత చెమ్మగా ఉండేది, నాకు ప్రతి చలికాలం దగ్గు వచ్చేది, మేం చూసిన సీరియళ్ళలో చాలావాటికి నా ఇప్పటి కొలతల ప్రకారం సున్నా మార్కులు. ఇప్పుడు మా ఇల్లు అన్ని గదుల్లోనూ వెచ్చగా ఉంటుంది. చూడటానికి కార్యక్రమాలు లెక్కలేనన్ని. కొత్తవీ, ఏళ్ళ తరవాత తిరిగొచ్చినవీ, అన్ని భాగాలూ ఒకేరోజు. చూసేముందు ఎవరూ ఎవరికోసమూ వేచి ఉండనక్కరలేదు, తప్పు ఎంచుకుంటే పోయేదేమీ లేదు, మరొకటి పెట్టుకోవచ్చు. ఎంపిక సులువైంది కనుక దాని విలువ తగ్గిందని చాలామంది అంటుంటే వింటాను. నేను అలా అనను, కొలిచినవాళ్ళెవరూ నాకు కనిపించలేదు. నాకు తెలిసింది ఇంతే: అప్పుడు మేము ఏ సీరియలు మంచిదని అడుగుతున్నామని అనుకున్నాం. నిజానికి అటు కూర్చున్న మనిషిని ఎన్ని గంటలు చూడమని అడగవచ్చన్నదే మా ప్రశ్న. ఆ ప్రశ్న మాకు తెలియకుండానే అడిగాం, ఆవిడ చెప్పకుండానే జవాబిచ్చారు.

ఆ సాయంత్రం ఆంటీ ఈ కథ ముగించేసరికి మేఘన నక్షత్రాల సంగతి మరిచిపోయింది. "సో, ఆ అమ్మమ్మ ఇప్పుడు ఎలా ఉన్నారు?" అని అడిగింది.

"బ్రహ్మాండంగా ఉంది. కళ్ళకి ఆపరేషనయింది. ఇప్పుడు నాకన్నా బాగా చూస్తుంది" అన్నారు ఆంటీ. "మేమిద్దరం ఒకటి మొదలెట్టాం. వైద్యుడి కథ. పోయినేడు ఆగింది, ఇప్పుడు మళ్ళీ వచ్చింది. పెట్టమ్మా, నీకూ నచ్చుద్ది."

మేఘన వెతికి పెట్టింది. ముగ్గురం చూశాం. మొదటి భాగం కాబట్టి నా అభిప్రాయం దాచుకున్నాను. గిన్నెలో ఏముందో చూడటానికి ఆంటీ ఒకసారి కళ్ళద్దాలు సరిచేసుకున్నారు. మేఘనకు తెలుగు మాట్లాడటం తక్కువ, అర్థం మాత్రం అవుతుంది. ఆస్పత్రి గొడవ దగ్గర తానే ముందు నవ్వింది. భాగం పూర్తయింది. తరవాతి భాగం తనంతట తాను మొదలు కావడానికి తెర మీద అంకెలు తగ్గుతున్నాయి. మేఘన కాళ్ళు పైకి ముడుచుకుని దుప్పటి సర్దుకుంది.

"ఆపమ్మా" అన్నారు ఆంటీ.

"బోర్ కొట్టిందా అమ్మమ్మా?"

"బోరెందుకూ? బాగుంది. కాకినాడలో ఇంకా మధ్యాహ్నమే, ఇప్పుడే అన్నాలు తింటుంటారు. అక్క ఇంకా తరవాతిది చూడలేదు."